ఉపదేశం విని ఎవరూ రైలెక్కలేదు

తమ్ముడూ,

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. జనం కోసం రాయాలా, విమర్శకుల కోసం రాయాలా అని అడిగావు. అచ్చుకాకముందే ఆ టెన్షన్ ఎందుకు? వీలైతే ఒక పాత అమెరికన్ నవల సంపాదించి చదువు. పేరు 'ది షెపర్డ్ ఆఫ్ ది హిల్స్', 1907లో వచ్చింది.

రాసినాయన హెరాల్డ్ బెల్ రైట్, చర్చి పాస్టరు. ఒంట్లో బాగోక మిస్సోరీలోని ఓజార్క్ కొండలకు వెళ్తుండేవాడు. అక్కడ రాస్ అనే దంపతుల పొలంలో గుడారం వేసుకుని ఉండేవాడు. నవలలో ఓల్డ్ మ్యాట్, ఆంట్ మోలీ వాళ్లే. వాళ్ల పంచన చేరిన ఓ పెద్దాయన, ఎవరో ఏమిటో చెప్పకుండా గొర్రెలు కాస్తుంటాడు. ఆ ఇంటి కూతురి చావుకు కారణమైనవాడు ఆయన కొడుకేనని తర్వాత బయటపడుతుంది.

షికాగో పబ్లిషర్ ఎల్స్‌బరీ రేనాల్డ్స్ భారీగా ప్రకటనలిచ్చి, పుస్తకాల షాపు మొహం చూడని పల్లెలకు కూడా రైట్ పుస్తకాలను పోస్టులో పంపి అమ్మాడు. లక్షల కాపీలు పోయాయి. విమర్శకులు మాత్రం మూతి విరిచారు. మంచివాళ్లు మరీ మంచివాళ్లు, చెడ్డవాళ్లు మరీ చెడ్డవాళ్లు, మధ్యమధ్య కథ ఆపి నీతిబోధ. నిజం చెప్పాలంటే నేనూ విమర్శకుల పక్షమే. నగరం పాడు, కొండలు పవిత్రం అని ఆయన మొదలుపెట్టగానే నా చెయ్యి పేజీ తిప్పేస్తుంది.

కానీ ఆ కాలిబాటలు, కరువుకి మాడిన చేలు, ముసుగు దొంగల భయం రాసినచోట మాత్రం పేజీ తిప్పలేం. పాఠకులు పట్టుకున్నదీ అదే. రైలొస్తే ఈ కొండలు పనీపాటా లేనివాళ్ల విలాసాలకు నెలవైపోతాయని నవలలో ఆ పెద్దాయన దిగులుపడతాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అటు కొత్త రైలుమార్గం పడింది. పుస్తకం చదివినవాళ్లు 'ఓల్డ్ మ్యాట్ ఇల్లెక్కడ?' అంటూ దిగడం మొదలెట్టారు. పాపం, రాస్ దంపతులు ఆ ఇల్లు అమ్మేసి వేరేచోటికి మారిపోయారు. రచయిత ఏది వద్దని రాశాడో, ఆయన పుస్తకమే దాన్ని వెంటబెట్టుకొచ్చింది! 1941లో జాన్ వేన్‌తో సినిమా తీసినవాళ్లు కథను చాలానే మార్చేశారు. 1960 నుంచి బ్రాన్సన్ ఊరి దగ్గర, ఆ పొలంలోనే, ఆరుబయట నాటకంగా ఆడారు. ఉపదేశం విని ఎవరూ రైలెక్కలేదు, తమ్ముడూ. ఆ చోటు చూడాలనిపించి ఎక్కారు.

ఇక నీ నవల. చేపల వేలం జరిగే రేవు అధ్యాయంలో ఒక్క వాక్యం ముట్టుకోకు. దాని తర్వాత మాస్టారు పాత్ర పట్నం మీద, ఊరి మీద చేసే ఉపన్యాసం తీసేయ్. మొత్తం తీసేయ్, సగం వద్దు. అప్పుడు కథ ఎక్కడైనా తెగినట్టనిపిస్తే ఆ పేజీలు పంపు, చూస్తాను.

ఉంటాను,
మీ అన్నయ్య