బీకాం తర్వాత లేబర్ చట్టాల పని: మీ పీఎఫ్ పాస్‌బుక్ నుంచే మొదలుపెట్టించండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. నేను రొయ్యల ప్లాంటులో తొక్క తీసే పనికి వెళ్తాను. మా అమ్మాయి బీకాం పాసైంది. లేబర్ చట్టాల పని నేర్చుకుంటే ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు ఉన్నాయంటున్నారు. నిజమేనా? ఎంబీఏ చేయించే స్తోమత లేదు.

జవాబు: నిజమేనమ్మా, ఎంబీఏ లేకుండానే మొదలుపెట్టొచ్చు. రొయ్యల ప్లాంట్లు, రైసుమిల్లుల యజమానులు కొందరు ఈ లేబర్ చట్టాల లెక్కలు బయటి కన్సల్టెంట్లకు అప్పజెబుతారు. తక్కువ జీతమైనా అలాంటి ఆఫీసులో ఒక ఏడాది చేర్చండి. హాజరు, జీతాల రిజిస్టర్లు రాయడం, ప్రతి నెలా 15లోగా పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కట్టించడం చేతికొస్తాయి.

అంతకన్నా ముందు మీ జీతం చీటీ, పీఎఫ్ పాస్‌బుక్ అమ్మాయి ముందు పెట్టండి. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 12,000 అనుకుందాం. మీ నుంచి పీఎఫ్‌కి 1,440, ఈఎస్ఐకి 90 రూపాయలు కోస్తారు. యజమాని తన వాటాగా పీఎఫ్‌కి మరో 1,440, ఈఎస్ఐకి 390 కట్టాలి. ఏ నెలైనా కోత పడి జమ కాలేదా? మీరు కాంట్రాక్టరు కింద ఉన్నా సరే, అతను కట్టకపోతే ప్లాంటే కట్టాలి. ఇది అమ్మాయికి మీ ఇంటి లెక్కతోనే బాగా ఎక్కుతుంది.

ఇందులో ఒక కష్టం ఉంది, దాచను. పట్టుబడులు జోరుగా ఉన్న రోజుల్లో సరుకు పాడవకూడదని పని గంటలు సాగుతాయి. ఆ అదనపు గంటలకు (ఓటీకి) రెట్టింపు కూలి ఇవ్వాలి. రిజిస్టరులో ఎనిమిది గంటలే రాయమనే వాళ్లు తగులుతారు. రాయకూడదు. రేపు ఎవరి చెయ్యో మిషన్లో పడితే ఆ దొంగ రాత యజమాని మెడకే చుట్టుకుంటుంది. ఆ సంగతి యజమానికి మర్యాదగా, గట్టిగా చెప్పగలిగే పిల్లే ఈ పనికి కావాలి. కార్మికురాలి కూతురు కాబట్టి మీ అమ్మాయి చెప్పగలదనే నా నమ్మకం.

పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. పాత ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది కార్మికులు ఉంటేనే వాళ్ల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలి, ఇప్పుడు 250 చాలు. ఆ పోస్టుకి హెచ్‌ఆర్ లేదా సోషల్ వర్క్ పీజీ లాంటి అర్హత అడుగుతారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంహెచ్‌ఆర్‌ఎం అనే హెచ్‌ఆర్ పీజీ ఉంది. లా కోర్సు ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసినా మంచిదే. పీఎఫ్ చూసే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌ఓలో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ పరీక్షను యూపీఎస్సీ పెడుతుంది, దానికి డిగ్రీ సరిపోతుంది. నోటిఫికేషన్ ఏటా రాదు, అందుకే కన్సల్టెంట్ దగ్గర పని చేస్తూనే చదవమనండి.