నాన్న పేరు మీదున్న బోటు కొడుకు అమ్మితే చెల్లుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కాకినాడ జిల్లా ఉప్పాడ. నేను పన్నెండేళ్లుగా హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసుకుంటున్నాను. మా తమ్ముడు ఊళ్లోనే ఉండి వేటకెళ్తాడు. 2025 అక్టోబరులో మొంథా తుపానుకి ఒడ్డున కట్టేసిన వాడి ఫైబర్ బోటు ముక్కలైపోయింది. ఇంజన్ ఒక్కటే ఇసుకలో దొరికింది. తుపాను నాటికి వేట లైసెన్సు రెన్యువల్ కాలేదని ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరగ్గొట్టింది. ఇప్పుడు పక్క ఊళ్లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ బోటు, ఇంజన్‌తో కలిపి ఆరున్నర లక్షలకు మాట్లాడుకున్నాం. నా పీఎఫ్ డబ్బు 3 లక్షలు, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి 2 లక్షలు, మిగతాది తమ్ముడిది. ఆ బోటు అమ్మే ఆయన పేరున లేదు, వాళ్ల నాన్న పేరు మీద ఉంది. ఆ నాన్న చనిపోయారు. "ఇద్దరు అక్కలకీ పెళ్లిళ్లయిపోయాయి, వేటకెళ్లేది నేనొక్కణ్ణే, బాండు పేపరు మీద రాసిస్తాను" అంటున్నాడు. ఆర్‌సీ అడిగితే బ్యాంకులో ఉందో, ఇంట్లో ఉందో చూడాలన్నాడు. అడ్వాన్సుగా 50 వేలు ఆయన బావమరిది నంబరుకు ఫోన్‌పే చేశాను. బోటు నా పేరున పెట్టుకోవాలా, తమ్ముడి పేరునా? బాండు పేపరు చాలా? పాత క్లెయిమ్ సంగతేంటి? రాత్రుళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు వద్దన్నారు)

జవాబు: మా హైకోర్టు మూసీ ఒడ్డునే ఉన్నా, పడవ గొడవతో ఇక్కడ నా దగ్గరికి వచ్చేవాళ్లు అరుదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన మూడింటికంటే, మాటవరసకు చెప్పిన "వాళ్ల నాన్న పేరు మీద ఉంది" అన్న సంగతే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. కాబట్టి ముందు దాని గురించి.

తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆ బోటు ఒక్క కొడుకుది కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. ఆయన తల్లి బతికుంటే ఆవిడకూ ఉంటుంది. పెళ్లయినంత మాత్రాన అక్కల హక్కు పోదు. వేటకెళ్లేది ఒక్కడే కాబట్టి బోటు వాడిదే అనేది ఊరి న్యాయం, చట్టం అలా చూడదు. ఎవరైనా తనకున్న హక్కునే అమ్మగలడు, లేనిది అమ్మలేడు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని ప్రాథమిక సూత్రం ఇది. దానికి చిన్న మినహాయింపు లేకపోలేదు. ఉమ్మడి సొత్తును మిగతావాళ్ల అనుమతితో ఒక్కడే దగ్గర పెట్టుకుని అమ్మితే, వాడికి అమ్మే అధికారం లేదన్న సంగతి తెలియకుండా మంచి నమ్మకంతో కొన్నవాడికి హక్కు దక్కుతుంది. కానీ మీకు అక్కల సంగతి తెలుసు. స్వయంగా ఉత్తరంలోనే రాశారు! రేపు వాళ్లు కేసు వేస్తే "మాకు తెలియదు" అనే వాదన మీకు పనికిరాదు.

అందుకని అమ్మేవాడు తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అందులో ఉన్న పేర్లన్నీ అమ్మకం కాగితం మీద సంతకాలు చేయాలి. అక్కలు దూరాన ఉంటే నోటరీ చేసిన సమ్మతి పత్రం పంపినా ఫర్వాలేదు. "వాళ్లేం అనరండీ" అన్న మాట మాత్రం తీసుకోకండి. ఏమీ అననివాళ్లు సంతకం పెట్టడానికీ ఏమీ అనరు కదా.

ఇక ఆర్‌సీ. బ్యాంకులో ఉందో, ఇంట్లో ఉందో తెలియదన్నాడంటే, తండ్రి తీసుకున్న లోను ఇంకా తీరలేదేమోనని నాకు అనుమానం. తీరితే కాగితం ఇంటికి వచ్చేదిగా. హైపోథికేషన్, అంటే లోనుకు తాకట్టు, ఉన్న బోటు ఎవరి చేతికి మారినా బ్యాంకు హక్కు దాని వెంటే వస్తుంది. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ చూడందే మిగతా డబ్బు కదలకూడదు. బ్యాంకులు ఇలాంటి తాకట్లను సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేస్తాయి. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. రేవులో చేపల షావుకారుకు అడ్వాన్సు బాకీ ఉందేమో కూడా అడగండి. అది అమ్మినవాడి సొంత అప్పు, చట్టప్రకారం మీ మీద పడదు. కానీ వేట దిగగానే ఆయన మనుషులు చేపల తట్టల దగ్గర నిలబడితే మీ తమ్ముడు సెక్షన్లు చదివి వినిపించలేడు.

బాండు పేపరు చాలా అంటే, అమ్మకానికి చాలు, బోటు నడపడానికి చాలదు. బోటు చరాస్తి కాబట్టి పొలంలాగా సబ్ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లనక్కర్లేదు. అయితే సముద్రంలో వేటకెళ్లే బోటుకు మత్స్యశాఖలో యజమాని పేరున రిజిస్ట్రేషన్ ఉండాలి. దానితో పాటు ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద వేట లైసెన్సు వేరే ఉండాలి. ఇవి రెండూ రెండు కాగితాలు. చాలామంది ఒకటే అనుకుంటారు. ఇప్పుడు రిజిస్ట్రేషన్లు కేంద్రం పెట్టిన రియల్‌క్రాఫ్ట్ పోర్టల్ ద్వారా జరుగుతున్నాయి. కాబట్టి మీ తమ్ముణ్ణి బోటు నంబరు రాసుకుని మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లి, రికార్డులో ఎవరి పేరుంది, బ్యాంకు పేరుందా, తన పేరున మార్చి లైసెన్సు ఇస్తారా అని ముందే అడగమనండి. రికార్డులో ఉన్న ఇంజన్ నంబరు, బోటు మీదున్న ఇంజన్ నంబరు ఒకటేనా కూడా చూడాలి.

ఒక తప్పు మాత్రం చేయకండి. కొన్న బోటుకు తుపానులో పోయిన బోటు నంబరే రాసి నడిపేద్దామని రేవుల్లో సలహా ఇచ్చేవాళ్లుంటారు. పేరు మార్పిడి తిరుగుడు తప్పుతుందని వాళ్ల లెక్క. పోయిందని ఒకపక్క క్లెయిమ్ అడుగుతున్న బోటు, ఇంకోపక్క అదే నంబరుతో సముద్రంలో తిరిగితే క్లెయిమ్ పోవడమే కాదు, మోసం కేసూ మీద పడుతుంది. మెరైన్ పోలీసులో, కోస్ట్ గార్డో ఆపితే బోటు అక్కడే ఆగిపోతుంది. పాత బోటు నాశనమైందని మత్స్యశాఖకు రాసిచ్చి దాని రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి.

ఎవరి పేరున అన్న ప్రశ్నకు నా జవాబు: తమ్ముడి పేరున. డీజిల్ సబ్సిడీ గానీ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలంలో ఇచ్చే సాయం గానీ (2025లో ఇది 20 వేల రూపాయలు) వేట చేసేవాళ్ల కోసం పెట్టినవి. కూకట్‌పల్లిలో ఉన్న మీ పేరున బోటు ఉంటే అక్కడ చిక్కులొస్తాయి. కానీ డబ్బులో ఎక్కువ భాగం మీదీ, పేరు వాడిదీ అయినప్పుడు బినామీ చట్టం ఒకటుంది. 1988 నాటి ఆ చట్టం భూములకే కాదు, చరాస్తులకూ వర్తిస్తుంది. భార్య పేరునో పిల్లల పేరునో కొంటే ఉన్నంత సులువైన మినహాయింపు అన్నదమ్ములకు లేదు. ఏదో ఒక కాగితంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా ఉంటేనే తమ్ముడి పేరున కొన్నది మినహాయింపులోకి వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. బినామీ అని తేలితే "డబ్బు నాది, బోటు నాది" అని మీరు కోర్టుకెళ్లడానికి కూడా వీల్లేదు.

దీనికి విరుగుడు సులువే. బోటు నిజంగా తమ్ముడిదే కావాలి, మీ డబ్బు ఏమిటో ముందే రాసుకోవాలి. ఊరికే ఇస్తున్నారా? దానమని ఒక కాగితం రాయండి. అన్నదమ్ముల మధ్య దానానికి ఆదాయపు పన్ను లేదు. తిరిగి ఇవ్వాలా? అప్పు అనండి, ప్రామిసరీ నోటు రాయించుకోండి. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే వెళ్లాలి, 20 వేలు గానీ అంతకు మించి గానీ అప్పును నగదుగా తీసుకోకూడదు. నోటుకు మూడేళ్లే గడువు, ఆలోగా తిరగరాయించుకోవాలి. సొంత తమ్ముడి దగ్గర నోటేమిటని మీకు అనిపించొచ్చు. ఆ గాజుల సంగతి గుర్తు చేస్తాను. అవి మీ ఆవిడ స్త్రీధనం, మీవి కావు. కనీసం ఆ 2 లక్షలకైనా నోటు ఆవిడ పేరున ఉండాలి. ఆవిడను అడిగే తాకట్టు పెట్టారని అనుకుంటున్నాను.

క్లెయిమ్ విషయంలో మీరు పూర్తిగా ఆశ వదులుకోనక్కర్లేదు. కొత్త బోటు కొన్నంత మాత్రాన పాత క్లెయిమ్ పోదు. లైసెన్సు లేదన్న సాకు బలం, పాలసీలో అది ఏ రూపంలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మెరైన్ పాలసీలో "వారంటీ" అని, అంటే తు.చ. తప్పకుండా పాటించాల్సిన హామీగా, రాసి ఉంటే కోర్టులు కఠినంగా చూస్తాయి. మామూలు షరతే అయితే, బోటు వేటలో లేదు, ఒడ్డున కట్టి ఉంది, లైసెన్సుకీ తుపానుకీ సంబంధం లేదు అని గట్టిగా వాదించొచ్చు. పూర్తి మొత్తం రాకపోయినా కొంత తగ్గించి ఇప్పించే పద్ధతిని 2010లో ఒక మోటారు వాహనం కేసులో సుప్రీంకోర్టు ఆమోదించింది. తిరస్కరించిన రోజు నుంచి రెండేళ్లలోపు కాకినాడలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. బతుకుదెరువు కోసం చేసే వేట కాబట్టి వ్యాపారం అన్న అభ్యంతరం నిలవదు. కట్టిన ప్రీమియం 5 లక్షలు దాటదు కాబట్టి ఫీజు కూడా ఉండదు. లేదంటే ఏడాదిలోపు, బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు కూడా ఆ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే. మీ పాలసీ రకాన్ని ఆయన విచారణకు తీసుకుంటారా అని ముందు కనుక్కోండి. తమ్ముడి సంతకంతో కాగితాలు మీరే పట్టుకెళ్లి ఇవ్వొచ్చు. అక్కడ లాయరు అక్కర్లేదు, రానివ్వరు కూడా. ఈలోగా ఆ ఇంజన్ అమ్మకండి, కొత్త బోటుకు బిగించకండి. పూర్తి నష్టం కింద డబ్బిస్తే మిగిలిన సరంజామా మీద కంపెనీకి హక్కుంటుంది.

కొనే బోటుకు ఇన్సూరెన్స్ ఉందని అమ్మేవాడు చెప్పినా దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒప్పందంలో రాసుకుంటే తప్ప బోటుతో పాటు పాలసీ రాదు. మొదటి రోజే తమ్ముడి పేరున కొత్తది తీయండి.

ముందు ఆ 50 వేల పని చూడండి. బావమరిది నంబరుకు వెళ్లిన డబ్బు రేపు చేబదులని వాళ్లు అంటే మీ దగ్గర జవాబు లేదు. ఫలానా నంబరు బోటు కోసం అడ్వాన్సు ముట్టిందని, వారసులందరి సంతకాలూ నో డ్యూస్ సర్టిఫికెట్టూ ఫలానా తేదీలోగా తేలేకపోతే తిరిగిస్తానని అమ్మేవాడి చేత ఈ వారంలోనే రసీదు రాయించుకోండి. రాయనంటే బేరం వదిలేయండి, 50 వేలకు నోటీసు నేను పంపుతాను.