టెక్ సందేహాలు: శ్రుతి తప్పింది సరే, ఐసీలు ఎందుకు కాలాయి?

ప్రశ్న: యూరోరాక్ (విడి మాడ్యూళ్లను కలిపి కట్టుకునే) సింథసైజర్ కోసం 100 కిలో ఓమ్‌ల పాట్ (తిప్పి రెసిస్టెన్స్ మార్చే నాబ్) ఒక్కదానితో వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ చేశాను. 5 వోల్టులిచ్చి పాట్‌ని సగంలో పెడితే మీటర్‌లో 2.5 వస్తోంది. ఆసిలేటర్‌కి (వోల్టేజీని బట్టి స్వరం పలికే మాడ్యూల్) కలపగానే 2కి పడిపోతోంది. టీఎల్072 ఆప్-ఆంప్ ఐసీతో బఫర్ (వోల్టేజీ పడిపోకుండా మధ్యలో పెట్టే సర్క్యూట్) పెడదామంటే వరుసగా రెండు ఐసీలు కాలిపోయాయి.

జవాబు: మీ మీటర్ సరిగ్గానే చెబుతోంది. సగంలో ఉన్న ఆ పాట్, అవుట్‌పుట్ వైపు నుంచి చూస్తే, 25 కిలో ఓమ్‌ల రెసిస్టరే. ఆసిలేటర్ ఇన్‌పుట్ సాధారణంగా 100 కిలో ఓమ్‌లుంటుంది కాబట్టి, రెండూ కలిస్తే ఐదో వంతు వోల్టేజీ పోతుంది. వోల్టుకో ఆక్టేవ్ (ఒక స్థాయి, అంటే 12 స్వరస్థానాలు) లెక్కలో అర వోల్టంటే ఆరు స్వరస్థానాలు. సున్నా వోల్టుల దగ్గర షడ్జం పెట్టుకుంటే, ప్రతిమధ్యమం రావాల్సిన చోట మళ్లీ షడ్జమే పలుకుతుంది. బఫర్ ఆలోచన మంచిదే. అవుట్‌పుట్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే మాత్రం ఫీడ్‌బ్యాక్ వైరును (అవుట్‌పుట్ నుంచి ఐసీ ఇన్‌పుట్‌కి తిరిగి వెళ్లేది) ఆ రెసిస్టర్‌కి జాక్ వైపు నుంచి వెనక్కి తీసుకోండి. లేదంటే ఆక్టేవ్‌కి 12 సెంట్లు (స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు) తగ్గుతుంది.

నాకు అసలు టెన్షన్ ఆ రెండు ఐసీల గురించే. ఒకటి కాలితే ఐసీని అనుమానించొచ్చు, రెండు కాలాయంటే పవర్ కేబుల్‌నే చూడాలి. 10 పిన్నుల కేబుల్‌ని తిప్పి పెడితే ప్లస్ 12, మైనస్ 12 తారుమారవుతాయి. కేబుల్ మీది ఎర్ర గీత మైనస్ 12 వైపు ఉండాలి. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉన్నాయి. నా బల్ల మీదా ఒక మాడ్యూల్ ఉంది, ఐసీ నడినెత్తిన బొబ్బలా ఉబ్బింది. బోర్డు మీద గీత గుర్తు లేదు, కనెక్టర్‌కి కేబుల్ తిరగబడి ఎక్కకుండా ఆపే గాడి లేదు. వేలకు వేలు తీసుకుని అమ్మే వస్తువులో ఆ గాడి లేకుండా చేయడం శుద్ధ నిర్లక్ష్యం. వాడేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని చెప్పి తప్పించుకుంటే కుదరదు.

మీ బోర్డులో కరెంటును ఒకవైపే పోనిచ్చే రెండు 1ఎన్5817 డయోడ్లు వేయండి. ప్లస్ లైన్లో డయోడ్ గీత సర్క్యూట్ వైపు, మైనస్ లైన్లో కేబుల్ వైపు ఉండాలి. మూడో ఐసీని అప్పుడే సాకెట్‌లో గుచ్చకండి. ఖాళీ సాకెట్‌తోనే పవర్ ఇచ్చి మీటర్ పెట్టండి. 8వ పిన్నులో ప్లస్, 4వ పిన్నులో మైనస్, రెండూ 12కి కాస్త తక్కువగా కనిపిస్తే పవర్ ఆపి, ఐసీ పెట్టండి.