సింహాచలం ఒక్కడే, ఖాతాలు రెండు

ప్రశ్న: మాది ఎరువుల దుకాణం. రైతుల బాకీల పట్టికకు పైథాన్‌లో నేనే ప్రోగ్రాం రాసుకున్నాను. సింహాచలం అనే ఒకే రైతుకు రెండు ఖాతాలు తేలాయి. తెర మీద రెండు పేర్లూ అచ్చం ఒకటే. జంట సమాన గుర్తుతో (==) పోలిస్తే మాత్రం కాదంటోంది. మా అబ్బాయి 'ఈజ్' వాడమంటున్నాడు. వాడనా? రెండు పేర్లూ పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: వాడకండి. 'ఈజ్' చూసేది ఆ రెండూ మెమరీలో ఒకే వస్తువా కాదా అని. పేర్లు నిజంగా కలిసినా అది కాదనవచ్చు. అబ్బాయికి నా మాటగా చెప్పండి.

మీరు పంపిన పేర్లు విప్పి చూశాను. సిం, హా, చ, లం అని మనకు నాలుగు అక్షరాలు. ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో గుణింతపు గుర్తూ సున్నా కూడా విడి సంకేతాలే కాబట్టి పైథాన్‌కు ఎనిమిది. పోలిక ఆ ఎనిమిది సంఖ్యల మధ్యే, ఆకారంతో దానికి పని లేదు. మూడో స్థానంలో ఒక పేరుకు 3074 ఉంది, అది అసలైన అనుస్వారం. రెండో పేరుకు 3174, అంటే తెలుగు అంకె సున్నా! ఎవరో అంకెల మీట నొక్కి పని కానిచ్చారు. మీ దగ్గర ఒడియా కీబోర్డు కూడా తిరుగుతూ ఉంటుంది కదా, ఒడియా సున్నాదీ అదే గుండ్రం. దాని సంఖ్య 2918. 'ఆర్డ్' అనే ఫంక్షన్‌కు ఒక్కో అక్షరం ఇస్తే ఈ సంఖ్యలు మీకే కనిపిస్తాయి.

పేర్ల గడిలో మాత్రమే ఈ సున్నాలను అనుస్వారంగా మార్చండి. పట్టిక మొత్తం మీద మార్చారో, తెలుగు అంకెల్లో రాసిన బాకీలు పాడవుతాయి, రైతులు సంతోషిస్తారు.

రాజ్‌కుమార్ లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనబడని సంకేతం ఒకటి దూరుతుంది, అక్షరాలు కలిసిపోకుండా ఆపేది, దాని సంఖ్య 8204. పోల్చేటప్పుడు దాన్ని వదిలేయండి, దాచుకునే పేరులో ఉంచండి. ఐత్వం కూడా ఒకే సంకేతంగానో రెండుగానో రావచ్చు. ఆ రెండు రూపాలనూ ఒకటి చేయడానికి 'నార్మలైజ్' అనే ఫంక్షన్ ఉంది, కానీ అది సున్నాలనూ 8204నూ ముట్టుకోదు.

పేర్లను వరుసలో పెట్టినా ఇదే లెక్క. ళ సంఖ్య 3123, వ సంఖ్య 3125. అందుకే కళావతి కవిత కంటే ముందు కూర్చుంటుంది. బడిలో నేర్చుకున్న వరుసే కావాలంటే, ఆ క్రమాన్ని మీరే రాసి 'సార్టెడ్'కు కీగా ఇవ్వాలి.