గ్రంథాలయంలో చెప్పే పిల్లల కథలను యూట్యూబ్ లైవ్‌లో పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

ముందు హక్కుల సంగతి. పుస్తకం మన అల్మరాలో ఉన్నంత మాత్రాన నెట్‌లో మొత్తం చదివి వినిపించే హక్కు రాదు. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది, బొమ్మలు గీసినవారి హక్కు వేరు. ప్రచురణకర్త నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. లేదా ప్రథమ్ బుక్స్ వారి కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో కథ ఎంచుకోండి. అక్కడ తెలుగు కథలు బోలెడు, చాలావరకు సీసీ బై 4.0 లైసెన్సుతోనే ఉంటాయి, అంటే పేర్లు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. రచయిత, చిత్రకారుడు, అనువాదకుల పేర్లు, లైసెన్సు వివరం మాత్రం తప్పక చెప్పాలి.

వీడియోను ‘పిల్లల కోసం’ అని గుర్తించాలి. అలా చేయగానే కామెంట్లు, లైవ్ చాట్ ఆగిపోతాయి. చాలామంది ఇక్కడే తికమకపడతారు. పిల్లల జవాబులు కావాలంటే తల్లిదండ్రులతో వాట్సాప్ గ్రూపు పెట్టుకోవడమే మేలు.

ఫోన్ అడ్డంగా, స్టాండు మీద, వెనుక కెమెరాతో. సెల్ఫీ కెమెరాలో అక్షరాలు తిరగబడి కనిపించవచ్చు. నున్నటి కాగితం మీద ట్యూబ్‌లైట్ మెరిసి బొమ్మ తెల్లగా పోతుంది. పుస్తకం పైఅంచును కాస్త ముందుకు వంచితే మెరుపు తప్పుతుంది. పేజీ తిప్పాక ఐదు సెకన్లు ఆగండి, పిల్లలు ముందు బొమ్మే చూస్తారు. ఫ్యాన్ ఆపేయండి, కాలర్ మైకు పెట్టుకోండి. సినిమా పాట వెనకాల వేస్తే వీడియోకు కాపీరైట్ అడ్డంకి వస్తుంది. ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖాలు చూపాలంటే తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిందే.