ఆఫీసుకు ఏ చాకు?

పార్శిళ్లు విప్పడానికి, పక్క సీటువాళ్లు బెదరని చాకు అడిగారు కదండీ. విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ అనే చిన్న స్విస్ మడత చాకు తీసుకోండి. మడిస్తే 58 మిల్లీమీటర్లు, సుమారు 21 గ్రాములు, తాళాల గుత్తిలో ఇమిడిపోతుంది. పక్కవాళ్లు బెదరకుండా నల్ల పిడి కన్నా ఎర్రది నయం. నిజానికి రోజూ అక్కరకొచ్చేది అందులోని కత్తెరే.

బ్లేడుకు లాక్ ఉండదు. మొనతో పొడిస్తే వేలిమీదికే మడుచుకుంటుంది. అంచును టేపుమీద ఏటవాలుగా ఆనించి, అవతలి వైపుకు కోయండి. కత్తెర పట్టేస్తే స్ప్రింగు పోయిందనుకోకండి, చాలాసార్లు అది టేపు జిగురే. శానిటైజరు అద్దిన గుడ్డతో తుడిచి, కీలులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది.

విమానమెక్కే రోజు మాత్రం చేతిసంచిలోంచి తీసేయండి.