మీరడిగారు, కోచ్ చెప్పారు: డబుల్స్‌తో బతకొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డబుల్స్ మీదే. సంపాదకులు నా మీద దయతలచి క్రికెట్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశారు. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. నేను వెస్ట్ మారేడ్‌పల్లిలో పిల్లలకు టెన్నిస్ నేర్పుతాను. అంతకుముందు కొన్నేళ్లు ప్రొఫెషనల్ టెన్నిస్‌లో కింది మెట్టైన ఫ్యూచర్స్ టోర్నీల్లో డబుల్స్ ఆడాను. సింగిల్స్‌లో నా ర్యాంకు ఎంతని మాత్రం ఎవరూ అడక్కండి.

*మావాడికి పదిహేనేళ్లు. అండర్-16 టోర్నీల్లో సింగిల్స్ రెండో రౌండు దాటడం లేదు కానీ డబుల్స్‌లో ఫైనల్ దాకా వెళ్తున్నాడు. వాళ్ల కోచ్ ఇక సింగిల్స్ మాన్పించి డబుల్స్ మీదే పెట్టమంటున్నారు. మా ఆయనేమో డబుల్స్ అంటే సింగిల్స్ రానివాళ్లు ఆడేది అంటారు. ఎవరి మాట వినాలి? — ఒక తల్లి, నిజాంపేట*

ఇద్దరి మాటా వినకండమ్మా.

ముందు కోచ్ సంగతి. పదిహేనేళ్లకి సింగిల్స్ మాన్పించడం తొందరపాటు. కాళ్లలో సత్తువ, బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) నుంచి ఓపిగ్గా ర్యాలీ ఆడటం, వెనకబడినప్పుడు ఒంటరిగా నెట్టుకు రావడం, ఇవన్నీ సింగిల్స్‌లోనే వంటబడతాయి. వాడింకా ఎదుగుతాడు. రెండేళ్లలో నాలుగంగుళాలు పెరిగితే వాడి సర్వ్ తీరే మారిపోతుంది. ఈరోజు రెండో రౌండులో ఓడిస్తున్నవాడు అప్పుడు వీడి సర్వ్ తీయలేక తంటాలు పడొచ్చు. పెద్ద డబుల్స్ ఆటగాళ్ల చరిత్ర తిరగేయండి, దాదాపు అందరూ సింగిల్స్ ఆడి వచ్చినవాళ్లే. మన సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు. గాయాలు వెంటాడాక 2013లో సింగిల్స్ వదిలేసింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్ నంబర్ వన్ అయి, మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. బేస్‌లైన్ నుంచి ఆ ఫోర్‌హ్యాండ్ దెబ్బ లేకపోతే నెట్ దగ్గర ఆమె పార్టనర్ మార్టినా హింగిస్ ఒక్కతే ఏం చేస్తుంది?

కాలేజీ సంగతి కూడా చూసుకోండి. టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే అక్కడి కోచ్‌లు ముందు సింగిల్సే చూస్తారు, డబుల్స్ కూడా వస్తే మహా సంతోషిస్తారు. అక్కడి కాలేజీ జట్ల పోటీలో మూడు డబుల్స్ మ్యాచ్‌లుంటాయి. రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. ఆ ఒక్క పాయింటుతో పోటీలే తారుమారవుతాయి. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడి వచ్చినవాడే. తర్వాత 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్‌లో స్వర్ణం, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్‌తో కలిసి పురుషుల డబుల్స్‌లో రజతం తెచ్చాడు.

ఇక మీ ఆయన మాట. రోహన్ బోపన్న 2024 జనవరిలో ఆస్ట్రేలియా ఆటగాడు ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు, డబుల్స్‌లో నంబర్ వన్ అయ్యాడు. అప్పటికి ఆయన వయసు 43. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయి, యోగాతో నెట్టుకొచ్చానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ వయసుకి సింగిల్స్ వాళ్లు కామెంటరీ బాక్సులో ఉంటారు. కోర్టులో సగమే కాపలా కాయాలి కాబట్టి ఒళ్లు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆటగాడికి అదనంగా పదేళ్ల సంపాదన దొరికితే దాన్ని చేతకానివాళ్ల ఆట అంటారా? ఈ మాట మీ ఆయనకి భోజనాలయ్యాక చెప్పండి.

ఇంకొకటి, ఇది మీరే చూడగలరు. వచ్చే టోర్నీలో స్కోరు వదిలేసి మీవాడి రిటర్న్ ఒక్కటే చూడండి. బంతి ఎక్కడికి వెళ్తోంది? నెట్ దగ్గర నిలబడ్డవాడి చేతికి అందే ఎత్తులో పోతోందా, లేక సర్వ్ చేసి ముందుకొస్తున్నవాడి పాదాల దగ్గర దిగుతోందా? పాదాల దగ్గర పడితే అవతలివాడు వంగి, బంతిని కింద నుంచి పైకి లేపక తప్పదు. అప్పుడు మీవాడి పార్టనర్‌కి పండగే. మీవాడు ఫైనల్ దాకా వెళ్తున్నది ఇలా అయితే వాడికి డబుల్స్ నిజంగా వచ్చినట్టే. కేవలం పార్టనర్ సర్వ్ బలంతో గెలుస్తున్నట్టయితే మాత్రం అది ఆ పార్టనర్ ప్రతిభ.

అసలు చిక్కు మన ఊరి అకాడమీల్లోనే ఉంది. పిల్లలు రెండు గంటలు బేస్‌లైన్ మీద నిలబడి బాదుతారు, ఆఖర్న బుట్టలో బంతులు మిగిలితే పది నిమిషాలు వాలీ, అంటే బంతి నేల తాకకముందే కొట్టడం. వారానికి రెండు రోజులైనా వాలీ, ఓవర్‌హెడ్, రిటర్న్ వేరుగా చేయించమని కోచ్‌ని అడగండి. సింగిల్స్ మానడం గురించి ఇరవై దాటాక ఆలోచించవచ్చు.

*సార్, నాకు 22 ఏళ్లు. ఫ్యూచర్స్ ఆడుతున్నా. మొన్న టోర్నీకి రైల్లో రెండు రాత్రులు ప్రయాణం చేసి వెళ్తే, నాతో ఆడతానన్నవాడు గడువుకి గంట ముందు మంచి ర్యాంకున్న వాడితో పేరిచ్చేశాడు. డ్రాలో, అంటే ఆడే జంటల జాబితాలో, చోటే దొరకలేదు. పార్టనర్‌ని నిలుపుకోవడం ఎలా? అసలు ఇందులో డబ్బులున్నాయా? — పేరు వద్దన్నారు, వనస్థలిపురం*

తమ్ముడూ, కోపం రావడం న్యాయమే. కానీ వాడి లెక్క కూడా చూడు. డబుల్స్‌లో ర్యాంకు ఎవరిది వారిదే, డ్రాలో చోటు మాత్రం ఇద్దరి ర్యాంకులూ కలిపి వచ్చిన అంకె మీద. ఒకడిది 600, ఇంకొకడిది 900 అయితే జంట అంకె 1500. కట్, అంటే ఆఖరి చోటు దక్కిన జంట అంకె, 1400 దగ్గర ఆగితే ఇద్దరూ బయటే. 700 ర్యాంకువాడు దొరికితే 1300తో లోపలికి పోతారు. వాడు ఆ అంకె చూసుకున్నాడు. గంట ముందు చెప్పడం మాత్రం పద్ధతి కాదు. ఆ మాట వాడి ముఖం మీదే అను, కానీ తగువు పెట్టుకోకు. ఈ సర్క్యూట్‌లో తిరిగేది ఆ కొద్దిమందే. వచ్చే నెల ఇంకో ఊళ్లో వాడే వచ్చి ఆడదామా అంటాడు, నువ్వూ సరే అంటావు.

పై స్థాయిలోనూ ఇదే తంతు. 2015 మొదట్లో సానియా తైవాన్ అమ్మాయి షే సు-వేతో ఆడింది. మార్చిలో హింగిస్‌తో జత కట్టింది. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్స్‌టన్ వరసగా గెలిచారు. అదే ఏడు వింబుల్డన్, యూఎస్ ఓపెన్, మరుసటేడు ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు ఓటమే లేదు. అలాంటి జంట 2016 ఆగస్టులో విడిపోయింది. విడిపోయిన కొద్ది రోజులకే సిన్సినాటీ ఫైనల్లో ఇద్దరూ నెట్‌కి చెరోవైపు! స్ట్రిసోవాతో ఆడిన సానియా గెలిచింది. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. ఇది పెళ్లి కాదు తమ్ముడూ, కౌలు. పంట చేతికొచ్చినన్నాళ్లు కలిసి దున్నుతారు.

నువ్వు చేయాల్సింది ఏమిటంటే, కనీసం ఆరేడు వారాలు వరసగా ఒకే మనిషితో మాట అనుకో, ఏ టోర్నీలని రాసి పెట్టుకో. నువ్వు డ్యూస్ (కుడి) వైపా యాడ్ (ఎడమ) వైపా తేల్చుకో. రెండు వైపులా ఆడతాను అనేవాడిని ఎవరూ వెతుక్కుంటూ రారు. యాడ్ వైపు రిటర్న్ గట్టిగా తీస్తాడు అని పేరొస్తే ఫోన్లు వాటంతటవే వస్తాయి. అనుకోని అవకాశానికి కూడా సిద్ధంగా ఉండు. మన హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్ పక్కన ఎలా ఆడాడు? భూపతి, బోపన్న పేస్‌తో ఆడబోమన్నారు, ఆ గొడవలో ఇతనికి పిలుపొచ్చింది. వెళ్లి మొదటి రౌండు గెలిచారు కూడా.

డబ్బు సంగతి నిజం చెబుతాను. కింది మెట్టు టోర్నీలో మొత్తం ప్రైజ్ మనీయే 15 వేల డాలర్లు. అందులో పెద్ద వాటా సింగిల్స్‌కి, మిగిలిన చిన్న వాటా డబుల్స్ జంటలన్నిటికీ. గెలిచినా అది ఇద్దరి మధ్య సగం, ఆపైన పన్ను. గట్టింగ్ (రాకెట్ తీగలు), షూస్, హోటల్, తిండి లెక్కేస్తే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడమే. పైమెట్టులోనూ తేడా తక్కువేం కాదు. 2024 వింబుల్డన్ సింగిల్స్ విజేతకి 27 లక్షల పౌండ్లు, డబుల్స్ జంటకి కలిపి ఆరున్నర లక్షలు. మనిషికి మూడుంపావు. మధ్య మెట్టు టోర్నీలైన చాలెంజర్లు దాటి, పై మెట్టైన ఏటీపీ డ్రాల్లో క్రమం తప్పకుండా ఆడితేగానీ సొంత కాళ్ల మీద నిలబడలేవు.

దాటినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. మన హైదరాబాదీ రిత్విక్ చౌదరి బొల్లిపల్లి 2024లో అల్మాటీలో అర్జున్ కఢేతో కలిసి ఏటీపీ టైటిల్ కొట్టాడు. ఈలోగా స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల నోటిఫికేషన్లు వదలకు. నేను అన్నేళ్లు ఆడగలిగింది నెలనెలా వచ్చిన జీతం వల్లే.

*టీవీలో డబుల్స్ చూస్తుంటే ప్రతి పాయింటుకీ ఇద్దరూ దగ్గరకొచ్చి, నోటికి బంతి అడ్డం పెట్టుకుని గుసగుసలాడతారు, చేతులు తట్టుకుంటారు. ప్రతిసారీ ఏం మాట్లాడుకుంటారండీ? — విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తార్నాక*

సర్వ్ ఎటు వేస్తాను, నువ్వు నెట్ దగ్గర కదులుతావా ఉంటావా, అంతేనండి. పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు, అందులో తేల్చుకోవాలి. బంతి అడ్డం పెట్టేది అవతలివాళ్లు పెదవులు చదవకుండా. మాట్లాడే తీరిక లేకపోతే నెట్ దగ్గరున్నవాడు నడుం వెనక చెయ్యి పెట్టి సైగ చేస్తాడు. మామూలుగా పిడికిలి మూస్తే కదలను, అరచెయ్యి తెరిస్తే అటు దూకుతాను అని. ఈసారి నడుం వెనక చెయ్యి చూడండి, పాయింటు ఎటు పోతుందో మీరే ముందు చెప్పేస్తారు. ఇక చేతులు తట్టుకోవడం, పాయింటు పోయినప్పుడే ఎక్కువ అవసరం. నీమీద కోపం లేదు అని చెప్పడానికి అంతకంటే చిన్న దారి లేదు.

*2025 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌లో సింగిల్స్ స్టార్లందరినీ దించారు కదా. మ్యాచ్‌లు భలే ఉన్నాయి. మీలాంటివాళ్లు ఎందుకు తిడుతున్నారు? — డిగ్రీ విద్యార్థిని, మల్కాజిగిరి*

తిట్టడం లేదమ్మా, కడుపుమంట. స్టేడియం నిండింది, ఒప్పుకుంటాను. కానీ 32 జంటలు ఆడే చోట 16కి కుదించారు. అందులో సగం చోట్లు సింగిల్స్ ర్యాంకుల లెక్కన, మిగతావి వైల్డ్ కార్డులు, అంటే నిర్వాహకులు తమ ఇష్టప్రకారం ఇచ్చినవి. ఫైనల్ తప్ప సెట్లన్నీ నాలుగు గేములకే. ఏడాదంతా డబుల్సే ఆడి బతికేవాళ్లకి ఒక గ్రాండ్‌స్లామ్‌లో మిక్స్‌డ్ సంపాదన పోయింది. అదీ ఎప్పుడు? విజేతలకిచ్చే సొమ్మును పది లక్షల డాలర్లు చేసిన ఏడాదే!

అయితే చివరికి ఎవరు గెలిచారో చూశావా? ఎర్రానీ, వవసోరీ. ముందు ఏడాది గెలిచిందీ వాళ్లే. ఫైనల్లో అవతల ఉన్నది స్వియాటెక్, రూడ్. స్వియాటెక్ అప్పటికి వింబుల్డన్ సింగిల్స్ గెలిచి నెలన్నర కూడా కాలేదు. ఆమె కొట్టినంత గట్టిగా ఎర్రానీ జన్మలో కొట్టలేదు. కానీ ఎక్కడ నిలబడాలో, అవతలివాళ్ల తలల మీదుగా లాబ్ ఎప్పుడు ఎత్తాలో, ఇద్దరి మధ్య సందులోకి బంతి ఎప్పుడు తోయాలో ఆ ఇటలీ జంటకి తెలుసు. డబుల్స్ వేరే విద్య అని నేను పదేళ్లుగా చెబితే విననివాళ్లు ఆ రాత్రి చూసి నమ్మారు. ఆ ఒక్కందుకు నిర్వాహకులకి దండం.

*సానియాకి మణికట్టు గాయం వల్లే సింగిల్స్ పోయిందంటారు. మా పన్నెండేళ్ల అమ్మాయికి మణికట్టు నొప్పి అంటోంది. ఇప్పుడే డబుల్స్‌కి మార్చాలా? — ఒక తండ్రి, అత్తాపూర్*

ఆటకాదండీ, ముందు డాక్టర్. ఎముకల డాక్టర్‌కి చూపించి, ఆయన ఆడొచ్చు అనేదాకా రాకెట్ ముట్టుకోనివ్వకండి. తర్వాత రాకెట్ బరువు, గ్రిప్ సైజు, గట్టింగ్ ఎంత బిగువుగా ఉందో కోచ్‌తో చూపించండి. అన్నయ్య పాత రాకెట్ ఇచ్చారా? చాలా ఇళ్లలో అదే జరుగుతుంది.

*మేం ముగ్గురం స్నేహితులం, పొద్దున్నే కోర్టుకి వస్తాం. నాలుగోవాడు ఎప్పుడూ నిద్ర లేవడు. ముగ్గురితో డబుల్స్ ప్రాక్టీస్ కుదురుతుందా? — కాప్రా*

బ్రహ్మాండంగా. ఒకవైపు ఇద్దరు, ఇంకోవైపు ఒక్కడు. ఒక్కడుగా ఉన్నవాడు డబుల్స్ కోర్టంతా, అంటే 36 అడుగుల వెడల్పూ వాడుకుని కొట్టొచ్చు. ఇద్దరు మాత్రం పక్క గళ్లు వదిలేసి 27 అడుగుల సింగిల్స్ గీతల లోపలే వేయాలి. గేముకొకరు చొప్పున మారండి. ఒక్కడికి ఊపిరి ఆడదు, ఇద్దరికి మధ్య బంతి ఎవరిదో తేల్చుకోవడం వస్తుంది. మధ్యలో వచ్చే బంతి ఫోర్‌హ్యాండ్ ఎవరి వైపు ఉంటే వాళ్లదని ముందే అనుకోండి. నాలుగోవాడు ఎప్పుడైనా లేచి వస్తే, బంతులు ఏరే పని వాడిదే.